ఓల్షొవే మీతో అనే పేట

ఆ మంగళవారం మధ్యాహ్నం వృద్ధుల రెస్ట్ హోమ్ ముందుగదిలో హాజరైనవారు, కూర్చున్న వరుసలో, వీరు. కిటికీ పక్కన మొదటి స్థానంలో, చక్రాల కుర్చీలో, బొహుమిల్ వోంద్రా. ఆ కుర్చీ పిడి పట్టుకుని కేర్‌గివర్ ఆశాజ్యోతి. ఆమె పక్కన, ఒళ్లో ఫోను పెట్టుకుని, హోమ్ మేనేజరు లొరేన్. రెండో వరుసలో ఊలు అల్లికలతో ముగ్గురు వృద్ధ స్త్రీలు. వారి వెనక, అప్పటికే కునుకు తీస్తున్న ఒక మాజీ పాడిరైతు. అందరికీ ఎదురుగా, తెల్లబోర్డు పక్కన, టై ముడి సరిచూసుకుంటూ, గుంటూరు కళాశాలలో భూగోళ శాస్త్రం బోధించి రిటైరైన జనార్ధనరావు.

ఈ వరుస ఆయన నిర్ణయించినదే. ఎవరి ఊరి గురించి ప్రసంగమో వారికి మొదటి కుర్చీ. పామర్‌స్టన్ నార్త్‌లోని ఆ హోమ్‌కు ఆయన పదిహేను రోజులకోసారి వచ్చి, అక్కడుంటున్న వృద్ధుల్లో ఒకరి సొంతూరిని పటం గీసి మరీ మిగిలినవారికి పరిచయం చేస్తాడు. జీతం లేని పని. అయినా టై లేకుండా ఏనాడూ రాలేదు.

వోంద్రా యువకుడిగా ఉన్నప్పుడు, తన దేశంలోకి పరాయి ట్యాంకులు దిగిన ఏడాది, ఊరు విడిచి న్యూజిలాండ్ చేరినవాడు. జీవితమంతా ఇక్కడే రైల్వే వర్క్‌షాపులో పనిచేశాడు. మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి తగ్గాక ఆయన నోట ఇంగ్లీషు పోయింది. ఒక్క మాట మాత్రం మిగిలిందని హోమ్‌లో అందరూ చెప్పుకునేవారు. ఆ మాట "నో". మెడ నరాలు పట్టు తప్పి తల ఎప్పుడూ అడ్డంగా ఊగుతూ ఉండటం వల్ల, ఆ మాటకు తల కూడా వంతపాడుతున్నట్టు ఉండేది.

"మిత్రులారా," అని జనార్ధనరావు ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "చెక్ దేశం నడుమ, బొహీమియా మొరావియాలను విడదీసే మెరక నేల మీద, ఆల్డర్ చెట్ల మధ్య పారే ఒక చిన్న ఏటి రేవులో ఈ ఊరు పుట్టింది. వర్తకుల బళ్ళు ఏరు దాటే చోట సుంకం వసూలు చేసేవారు. వారి భాషలో సుంకపు చోటును మీతో అంటారు. అందుకే ఈ ఊరి పేరు ఓల్షొవే మీతో."

ఆ పేరు వినగానే ఆశాజ్యోతి చటుక్కున తలెత్తింది. శ్రద్ధగా వింటున్నదని ఆయన సంతోషించాడు.

"నొ," అన్నాడు వోంద్రా.

జనార్ధనరావు చూపుడు కర్ర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. "వారం వారం సంత జరుపుకొనే హక్కును ఈ ఊరికి ఆనాటి రాజు పత్రం మీద రాసి ఇచ్చాడు."

"నొ, నొ."

"చౌకు నలుచదరంగా ఉండి, ఏటి వైపు కాస్త వాలి ఉంటుంది. చౌకు నడిమధ్యన రాతి ఫౌంటెన్. ఇళ్ళలోకి నీళ్ళ గొట్టాలు రాకముందు ఊరంతా ఆ నీళ్ళే మోసుకునేది."

"నొ యొ," అన్నాడు వోంద్రా, ఈసారి గట్టిగా. అక్కడున్న అందరికీ అది "నో, యూ" అన్నట్టు వినిపించింది. అల్లికల వృద్ధుల్లో ఒకామె సూదులు ఆపి, మర్యాద తప్పిన మనిషిని చూసినట్టు చూసింది.

జనార్ధనరావు చెవులు వేడెక్కాయి. వారం రోజులు అట్లాసులు తిరగేసి, ఆ ఊరి ఫోటోలన్నీ వెతికి, ఏ వీధి ఏ వీధిలో కలుస్తుందో వేలితో గుర్తుపెట్టుకుని గీసిన పటం అది. "వోంద్రా గారూ, నా ఆధారాలు నా దగ్గరున్నాయి," అని మర్యాదగానే అన్నాడు. స్వీడన్ సైన్యం ఊరిని తగలబెట్టిన సంగతి చెప్పాడు. మహమ్మారి తగ్గిన తరువాత జనం చందాలు వేసుకుని చౌకులో నిలిపిన స్తంభం, ఉత్తరం వైపు ఇళ్ళ ముందు కమానుల వరండా, వంతెన మీద సాధువు విగ్రహం, దిబ్బ మీద ఉల్లిపాయ ఆకారపు శిఖరమున్న చర్చి, ఒక్కొక్కటీ కర్రతో చూపించాడు. ఒక్కొక్కదానికీ "నొ" పడుతూనే ఉంది. శరదృతువులో ఊరి దిగువ చేపల చెరువులు ఖాళీ చేసి, మోకాటి లోతు బురదలో కార్ప్ చేపలు పట్టే పండుగ దగ్గరికి వచ్చేసరికి వోంద్రా కుర్చీ చేతిని అరచేత్తో బాదుతూ, కళ్ళు తడిసి, "నొ, నొ, నొ" అని కేకలు పెట్టాడు. పాడిరైతు ఉలిక్కిపడి లేచాడు. లొరేన్ లేచి, కదలకుండా నిలబడిపోయిన ఆశాజ్యోతిని తప్పించి, కుర్చీని స్వయంగా తోసుకుంటూ గదిలోంచి తీసుకుపోయింది. అల్లికల స్త్రీలు మిగిలిన ప్రసంగం విని మర్యాదకు చప్పట్లు కొట్టారు.

నడవలో లొరేన్ ఎదురైంది. "మీ తప్పేం లేదు, జాన్," అంది. జాన్ అని పిలిపించుకోవడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. "ఆయనకిప్పుడు అన్నిటికీ నో. టీ అంటే నో, స్నానం అంటే నో, నీళ్ళంటే నో. వద్దన్నదాన్ని మేం బలవంతంగా ఇవ్వం. అది ఇక్కడ మొదటి నియమం. తను వద్దంటాడు, తరవాత పక్కవాళ్ళ కప్పు లాక్కుంటాడు. మొన్న పక్క కుర్చీలోని మార్జరీ చేతి మీద వేడి టీ ఒలికింది. శుక్రవారం కూతురు వస్తోంది. ఆవిడ ఒప్పుకుంటే తాళాలుండే వార్డుకు మార్చేస్తాం. అది వేరే ఊళ్ళో ఉంది." ఫోను చేతిలోకి తీసుకుని, "ఈ రోజు సంగతి కూడా రాయాల్సి ఉంటుంది. మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది.

"రాయండి," అన్నాడు జనార్ధనరావు. "సభామర్యాద అంటూ ఒకటి ఉంటుంది."

ఇంటికి వచ్చేసరికి భార్య శేషారత్నం వంటింటి బల్ల ముందు కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. కూతురు రాజశ్రీ ఆసుపత్రి డ్యూటీ నుంచి ఇంకా రాలేదు.

"ఏమండీ, చప్పట్లు కొట్టారా?"

"కొట్టారు. ఒకడు మాత్రం నేను చెప్పిన ప్రతి ముక్కా అబద్ధమన్నాడు."

"ఎవరూ?"

"ఆ ఊరివాడే."

"మరి ఆ ఊళ్ళో పుట్టింది ఆయనా, మీరా?"

జనార్ధనరావు హెల్మెట్ కొక్కానికి తగిలించాడు. ఈ వయసులోనూ ఆయన సైకిలు మీదే తిరుగుతాడు. ఊరంతా అరచెయ్యిలా చదును కనుక టై కూడా నలగదు.

"ఇంతకీ అది పల్లెటూరా, పట్నమా?" అని అడిగింది శేషారత్నం.

"రెండూ కాదు. పల్లె కన్నా ఒక మెట్టు పైన, పట్నం కన్నా ఒక మెట్టు కింద. సంత హక్కున్న ఊరు. వాళ్ళ భాషలో దానికి వేరే మాటే ఉంది. ప్రభుత్వం మారినప్పుడు ఆ హోదా ఊడబెరికారు, మళ్ళీ మన కాలంలో తిరిగి ఇచ్చారు. దానికి తెలుగులో సరైన మాట దొరక్క నిన్న సాయంత్రమంతా ఆలోచించాను."

"దానికి అంత ఆలోచనెందుకూ. పేట. మా జగ్గయ్యపేట లాంటిది."

ఆయనకు ఒళ్ళు మండింది. మాట సరిగ్గా అతికినందుకు ఇంకా మండింది. "ఆ పేట పెద్దమనిషి ఏం చేశాడో విను. ఫౌంటెన్ చౌకు మధ్యన ఉందంటే, నొ. చర్చి దిబ్బ మీద ఉందంటే, నొ, నొ. చివరికి చేపల చెరువు దగ్గర కుర్చీ బాదుతూ నొ, నొ, నొ."

శేషారత్నం చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని తలెత్తింది. "నో అనక, నొ అంటారేమిటి?"

"ఆయన అలాగే అన్నాడు. విన్నది విన్నట్టు చెప్పడం నాకలవాటు."

"ఒకటో తరగతి పిల్లల చేత గుణింతాలు వల్లె వేయించిన నోరండీ నాది. ఒత్వానికీ ఓత్వానికీ తేడా తెలియకపోతే ఎలా? దీపం కొడి వేరు, కూసే కోడి వేరు."

"ఆయన చెక్ దేశస్థుడు. నోరు తిరగక అలా అంటాడు."

"ఇన్నేళ్ళు ఇంగ్లీషు దేశంలో బతికినవాడికి అంత చిన్న మాట నోరు తిరగదా?" అని ఆమె మళ్ళీ చిక్కుడుకాయల మీదికి వంగింది. "సరే, నాకేం తెలుసులెండి. మీరు రీడరుగా చేసినవారు."

గురువారం పొద్దున ఆయన పటాన్ని చుట్టగా చుట్టి సైకిలు వెనక కట్టుకుని హోమ్‌కు బయలుదేరాడు. దూరాన కొండల మీద గాలిమరలు నింపాదిగా తిరుగుతున్నాయి. వోంద్రాతో ఒంటరిగా కూర్చుని, పటంలో ఏది తప్పో వేలుపెట్టి చూపించమనాలని ఆయన ఉద్దేశం. తప్పంటూ ఉంటే దిద్దుకుంటాడు. లేకపోతే లేదనిపించుకుంటాడు.

వోంద్రా గది తలుపు తెరిచే ఉంది. ముసలాయన కుర్చీలో ఉన్నాడు. కుర్చీకి అడ్డంగా భోజనాల పలక ఒకటి బిగించి ఉంది. దాని మీద తినడానికేమీ లేదు. అది భోజనానికి కాదనీ, లేవకుండా ఉండటానికనీ గ్రహించడానికి జనార్ధనరావుకు కొంచెంసేపు పట్టింది. వోంద్రా పెదవులు ఎండి, పొరలు లేచి, ఒక మూల చిట్లి ఉన్నాయి. నీళ్ళ జగ్గు కిటికీ గట్టు మీద, చేతికందని దూరంలో, ఎండలో మెరుస్తోంది.

ఆయన ఇంకా గుమ్మంలో ఉండగానే ఒక కేర్‌గివర్, పొడుగాటి మనిషి, నవ్వుముఖంతో లోపలికి వచ్చింది. గ్లాసులో నీళ్ళు పోసి, మోకాళ్ళు వంచి, ముసలాయన కళ్ళలోకి చూస్తూ ఎంతో ముద్దుగా అడిగింది. "నీళ్ళు తాగుతారా, డియర్?"

"నొ, నొ."

"సరే, మీ ఇష్టం." ఆమె గ్లాసు వెనక్కి తీసుకుంది.

వోంద్రా చెయ్యి ఆ గ్లాసు వెంట కదిలింది. పలక అంచు దాకా వచ్చి, అక్కడ తగిలి, వేళ్ళు విచ్చుకుని, గాలిలో అలాగే నిలిచింది. గ్లాసు కిటికీ గట్టు చేరింది. కేర్‌గివర్ జనార్ధనరావును పలకరించి వెళ్ళిపోయింది. ఆమె మాటలో కానీ, ముఖంలో కానీ కాఠిన్యం లేశమాత్రం లేదు. ఎవరైనా కసిరి ఉంటే ఆయన కోప్పడి ఉండేవాడు. ఇక్కడ కోప్పడటానికి మనిషి లేదు. ఆ తెరుచుకున్న వేళ్ళు మాత్రం ఇంకా దిగలేదు.

ఆశాజ్యోతి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చదువుకోసం వచ్చి, చదువయ్యాక ఈ పనిలో కుదురుకున్న ఖమ్మం పిల్ల. గుమ్మం పక్కనున్న ఆయనను చూసి ఒక్క క్షణం తటపటాయించి, తరువాత జగ్గు అందుకుని గ్లాసు నింపింది.

"వద్దన్నాడు కదమ్మా," అన్నాడు జనార్ధనరావు.

"అన్నడు అంకుల్. జర చూడండి."

ఆమె గ్లాసు అందించింది. వోంద్రా రెండు చేతులతో పట్టుకుని, గడ్డం మీంచి కారుతున్నా ఆగకుండా, గుటక గుటకకూ గొంతు కదులుతూ, మొత్తం తాగాడు. ఆమె మళ్ళీ నింపింది. అదీ తాగాడు.

"నీకు నియమం తెలియదా?"

"తెలుసు. ఒకసారి వార్నింగ్ గూడా ఇచ్చిన్రు. రెండోసారి పట్టుబడితే జాబ్ పోతది, జాబ్‌తోటే వీసా. గందుకే తలుపేసి ఇస్తున్న. నా షిఫ్ట్ లేని రోజు ఏమైతదో అని ఇంటికి పోయినా బుక్క దిగదు."

"మరి నీకెలా తెలిసింది?"

ఆమె తుండుతో ముసలాయన గడ్డం తుడిచింది. "తెల్వదు అంకుల్, ఇప్పటికీ తెల్వదు. నేను ఈడ కొత్తగ చేరినప్పుడు సండే డ్యూటీకి వస్తవా అని అడిగిన్రు. మనం ఊపినట్టే తలకాయ అటిటు ఊపిన. రానన్ననుకొని వేరేవాళ్ళకు ఇచ్చేసిన్రు. అప్పట్నుంచి నాకు తలకాయల మీద నమ్మకం లేదు. చేతులు చూస్త." తరువాత గొంతు తగ్గించింది. "ఇంకోటి చెప్తా, నవ్వొద్దు. రోజూ పొద్దుగూకే యాళకు ఈయన 'మీతో, మీతో' అంటడు. నాకు తెలుగు లెక్కనే ఇనిపించింది. నాతోనా తాతా, పా అని వరండాల తిప్పుకొస్త. మొన్న మీరు బోర్డు కాడ చెప్పేదాక అది ఊరి పేరని నాకు తెల్వదు."

జనార్ధనరావు నవ్వలేదు. పటం తీసి వోంద్రా ముందున్న పలక మీద పరిచాడు. ముసలాయన దాన్ని గుర్తుపట్టాడు. ఫౌంటెన్ మీద వేలుపెట్టి, "ఇక్కడేనా?" అని అడిగాడు జనార్ధనరావు.

"నొ, నొ."

వంతెన మీద వేలు పెట్టాడు. "నొ." కమానుల వరండా. "నొ."

కాదన్న మనిషి ముఖం కాదది. దీపం కొడి, కూసే కోడి అన్న మాట ఆయన చెవిలో మోగింది. ఎన్నో ప్రశ్నపత్రాలు తయారుచేసిన మనిషి. విద్యార్థి ఏం తెలిసి రాశాడో, ఏం తెలియక రాశాడో తేల్చుకోవడానికి ఒక తప్పు ప్రశ్న వేయాలని ఆయనకు తెలుసు. జేబులోంచి రబ్బరు తీసి, దిబ్బ మీది చర్చిని తుడిచేశాడు. దాన్ని తీసుకుపోయి ఏటి అవతల, చేపల చెరువుల నడుమ గీశాడు. తెలిసి తెలిసి పటంలో తప్పు గీయడం ఆయన జీవితంలో అదే మొదలు.

"చర్చి ఇక్కడేనా?"

వోంద్రా ముఖం ముడుచుకుపోయింది. "నె," అన్నాడు. అరచెయ్యి పటం మీద అడ్డంగా తుడిచింది. "నె, నె, నె." వణుకుతున్న వేలు చెరువుల మీంచి లేచి, వంతెన దాటి, చౌకు దాటి, దిబ్బ ఎక్కి, అక్కడ ఖాళీ కాగితాన్ని టకటకా కొట్టింది.

జనార్ధనరావు చెరువులోని చర్చిని తుడిచి, దిబ్బ మీద మళ్ళీ నిలబెట్టాడు.

"నొ," అన్నాడు వోంద్రా. ఊపిరి వదిలి, వెనక్కి ఆనుకున్నాడు. "నొ యొ."

"అంకుల్," అంది ఆశాజ్యోతి మెల్లగా, "వద్దనేదానికి ఈయనకు వేరే మాట ఉంది." ఫోనులో చెక్ మాటలు వెతికి, అర్థం ఆయన ముందు పెట్టింది. నె అంటే కాదు, వద్దు. నొ అన్నా, నొ యొ అన్నా వాడుకలో అవును, సరే, అలాగే.

జనార్ధనరావు కూర్చోవడానికి ఏదైనా ఉందేమోనని వెనక్కి తడుముకున్నాడు. మంచం అంచు దొరికింది. అయితే ప్రతి పూటా, ప్రతి గ్లాసుకూ, ఈ మనిషి అవునన్నాడు. అవునన్న ప్రతిసారీ నవ్వుముఖంతో గ్లాసు తీసేశారు. గొంతెండి పక్కవాళ్ళ కప్పు అందుకుంటే దౌర్జన్యమన్నారు. మంగళవారం నాడు, ఇన్నేళ్ళ తరువాత తన పేటలోని ఒక్కొక్క రాయి పేరూ పరాయి దేశంలో ఎవరో పిలుస్తుంటే, ఆ ముసలివాడు ఆనందం పట్టలేక అవును, అవును, అవునని కేకలు పెట్టాడు. దాన్ని సభామర్యాద తప్పడంగా రాయమన్నది తను.

లొరేన్ ఆ రోజు వెల్లింగ్టన్ వెళ్ళింది. డ్యూటీ నర్సు అంతా ఓపికగా విని, నియమం మార్చే అధికారం తనకు లేదనీ, రేపు మీటింగులో చెప్పుకోమనీ అంది. జనార్ధనరావు సాయంత్రం వరకూ వోంద్రా గదిలోనే కూర్చుని, తన చేత్తో గ్లాసు అందించాడు. వెళ్ళేముందు ఆశాజ్యోతిని పిలిచి చెప్పాడు. "రేపు నేను మాట్లాడతాను. నీ వార్నింగ్ సంగతి, తలుపు సంగతి ఎక్కడా ఎత్తకు. నీకు పోయేదుంది, నాకేముంది?"

శుక్రవారం మీటింగు గదిలో టీ, బిస్కట్లు పెట్టారు. వోంద్రా కూతురు హెలెన్ తెల్లవారుజామునే ఆక్లాండ్ పక్కన న్యూ లిన్‌లో బయలుదేరి కారు నడుపుకుంటూ వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది. తండ్రిని ముద్దుపెట్టుకుని, ఆయన ఎదుట కాకుండా పక్కగా కూర్చుంది. వార్డు మార్పు కాగితం, పెన్ను ఆమె ముందుకు వచ్చాయి.

జనార్ధనరావు లేచి నిలబడ్డాడు. రాత్రి భోజనం మానేసి సిద్ధం చేసుకున్న మాటలు వరుసగా గొంతులో ఉన్నాయి.

"జాన్, మీరు వచ్చినందుకు థాంక్స్," అంది లొరేన్ సౌమ్యంగా. "మీరు వినొచ్చు. కానీ ఇక్కడ మాట్లాడే హక్కు కుటుంబానికీ సిబ్బందికీ మాత్రమే. ఆయన ప్రైవసీ కోసం."

జీవితమంతా సభలు నడిపిన మనిషి. అధ్యక్షస్థానం కూర్చోమంటే కూర్చోవడం తప్ప మరొక పద్ధతి ఆయనకు తెలియదు. కూర్చున్నాడు. కూర్చున్నాకగానీ తాను చేసిన పని ఏమిటో తెలియలేదు. హెలెన్ పెన్ను మూత తీసింది.

"నేను సిబ్బందిని," అంది ఆశాజ్యోతి.

చక్రాల కుర్చీ పక్కన నిలబడే ఉంది. ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా నేల మీద పెడుతున్నట్టు చెప్పింది. "ఆయన నో అన్న తరువాత కూడా నేను నీళ్ళిచ్చాను. ఒకసారి కాదు, నా ప్రతి షిఫ్ట్‌లోనూ. మీరు వార్నింగ్ ఇచ్చాక కూడా. తలుపు వేసి ఇచ్చాను."

"ఆశా," అంది లొరేన్. "నువ్వేం చెబుతున్నావో నీకు తెలుసా?"

"తెలుసు."

ఆమె బల్ల మీది జగ్గులోంచి గ్లాసు నింపి, వోంద్రా ముందుకు వంగింది. "నీళ్ళు కావాలా, తాతా?" ఈ ముక్క తెలుగులో వచ్చింది, చేతిలోని గ్లాసు దానికి అర్థం చెప్పింది.

"నొ, నొ," అన్నాడు వోంద్రా.

లొరేన్ పెదవి విప్పబోయింది. ఆశాజ్యోతి గ్లాసును పక్కనే ఉన్న పూలకుండీ మీదికి వంచింది. "పారబోయనా?"

"నె." ముసలాయన చెయ్యి చాచి గ్లాసు మూతిని మూసేశాడు. "నె, నె." ఆశాజ్యోతి ఆ చేతిలోనే గ్లాసు పెట్టింది. ఆయన చివరి చుక్క వరకూ తాగి, ఖాళీ గ్లాసు ఆమెకే తిరిగి ఇచ్చాడు.

"వాళ్ళ భాషలో నొ అంటే అవును," అంది ఆశాజ్యోతి. "ఆయన ఇన్నాళ్ళూ మనకు వద్దని చెప్పలేదు."

లొరేన్ ముఖంలో రంగు పోయింది. వద్దంటే వద్దన్నది ఆమె పైవాళ్ళతో పోట్లాడి పెట్టుకున్న నియమం. ఒకప్పుడు ఇలాంటివారి నోట్లో బలవంతంగా కుక్కేవారు. ఆమె ఖాళీ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయింది.

హెలెన్ పెన్ను ఎప్పుడు జారవిడిచిందో ఎవరూ చూడలేదు. అది దొర్లి బిస్కట్ల పళ్ళెం దగ్గర ఆగింది.

"నాకు చెక్ రాదు," అంది ఆమె, ఎవరినీ చూడకుండా. "మా అమ్మ ఈ దేశందే, కివీ. ఇంట్లో ఇంగ్లీషే. ఆదివారాలు నాన్న మా బాబాయి మిరెక్‌తో ఫోనులో మాట్లాడేవాడు. గంటసేపు. నొ, నొ, నొ, నొ. నేను పక్కగదిలో హోమ్‌వర్క్ చేసుకుంటూ వినేదాన్ని. వీళ్ళిద్దరికీ ఇంత పగెందుకా అనుకునేదాన్ని." కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. "నాన్నకు జబ్బు చేసినప్పుడు బాబాయికి చెప్పలేదు. ముసలితనంలో మళ్ళీ ఆ గొడవెందుకని. ఆయన ఫోను చేసినా నేను ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాడు."

"మిరెక్," అన్నాడు వోంద్రా. తల ఊగుతూనే కూతురి వైపు తిరిగాడు. "మిరెక్. మీతో."

"అవును నాన్నా. బాబాయి అక్కడే ఉన్నాడు. చౌకులోనే."

"మీతో," అన్నాడు మళ్ళీ.

"మీతోనే తాతా," అంది ఆశాజ్యోతి అలవాటుగా.

హెలెన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి టీ కప్పు కింద ఉంచింది. తండ్రి ముందున్న పలకను చూపించి, తీసేయమంది. లొరేన్ తానే వంగింది. కొక్కెం ఎక్కడుందో ఆమె వేళ్ళకు దొరకలేదు. ఆశాజ్యోతి ఆమె చెయ్యి పట్టుకుని చూపించింది. పలక ఊడి వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక, లొరేన్ రొమ్ముకు అదుముకుని నిలబడింది.

"ఇదంతా నేను రాయాలి," అంది చివరికి. "నియమం తప్పిందన్నదీ రాయాలి. ఎలా రాయాలో నాకు తెలియడం లేదు."

జనార్ధనరావు లేచాడు. టై ముడి సరిచూసుకోలేదు. "అధ్యక్షుల అనుమతి ఉంటే, ఎలా రాయాలో నేను చెబుతాను."

లొరేన్ ఆయన వైపు తిరిగింది. "చెప్పండి," అంది. తరువాత నాలుక తడబడుతూనే, మొదటిసారిగా పేరంతా పలికింది. "చెప్పండి, మిస్టర్ జనార్ధనరావు."

ఆయన ఒక్కొక్క వాక్యానికీ ఆగుతూ, ఆమె కలం అందుకునే వ్యవధి ఇస్తూ చెప్పాడు.

"ఈ గదిలో సమావేశమైన మేము, ఓల్షొవే మీతో పేట వాస్తవ్యులు బొహుమిల్ వోంద్రా గారు అడిగిన ప్రతిసారీ అవుననే చెప్పారనీ, ఇంగ్లీషు చక్కగా వచ్చిన మేమందరం దాన్ని వద్దని విన్నామనీ అంగీకరిస్తున్నాము. మంగళవారం నాటి సభలో మర్యాద తప్పినవారు వోంద్రా గారు కారు, ప్రసంగించిన జనార్ధనరావు. మా చెవులన్నీ తప్పినచోట కేర్‌గివర్ ఆశాజ్యోతి ఆయన చేతిని చూసింది, నీళ్ళిచ్చింది. మాట్లాడవలసినవాడు కూర్చుండిపోయినప్పుడు, తన కూడూ నీడా పోతాయని తెలిసి కూడా, తాను చేసినది అందరి ఎదుట చెప్పింది. ఆశాజ్యోతి చేసిన ఈ పనిని ఈ సభ లేచి నిలబడి గౌరవిస్తున్నది."